'సర్వర్ డౌన్' అంటే అసలు ఏం ఆగినట్టు? ఒక్క డేటాబేస్‌తో వేల కౌంటర్లు నడవాలంటే ముందే తేల్చుకోవాల్సిన ఐదు విషయాలు

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు, మీసేవ కేంద్రం, రేషన్ షాపు, రైల్వే కౌంటర్... ఎక్కడికి వెళ్లినా ఒక మాట అందరికీ పరిచయమే. 'సర్వర్ డౌన్'. ఆ మాట వినగానే క్యూలో ఉన్నవాళ్లు ఇంకేమీ అడగరు. వాన వెలిసేదాకా చూరు కింద నిలబడ్డట్టు కాసేపు నిలబడతారు. ఆ తర్వాత రేపు రమ్మన్నారని వెళ్లిపోతారు.

కానీ సర్వర్ ఆగడం వానలా చెప్పాపెట్టకుండా వచ్చేది కాదు. డేటాబేస్‌ను ఎక్కడ పెట్టాలి, దాని దగ్గరికి ఎవరిని రానివ్వాలి, ఒకేసారి ఎంతమందికి జవాబివ్వాలి, రికార్డును మార్చే అధికారం ఎవరికి ఉండాలి, దాని కాపీ ఎక్కడ దాచాలి? ఈ ఐదు ప్రశ్నలకు ఎవరో ఒకరు ఎప్పుడో చెప్పిన జవాబుల ఫలితమే ఈ రోజు కౌంటర్ ముందు మన నిరీక్షణ. పైకి ఇవి ఇంజినీర్ల వ్యవహారాల్లా కనిపిస్తాయి. కానీ పొలం ఎవరి పేరున ఉంటుందో, టికెట్ ఎవరికి దొరుకుతుందో తేల్చేవి కూడా ఇవే.

క్లయింట్-సర్వర్ అంటే ఏమిటి?

పాత తాలూకా ఆఫీసులోని రికార్డు రూమును ఊహించుకోండి. కాగితం కావాల్సిన ప్రతి ఒక్కరూ లోపలికి వెళ్లి బీరువా తెరవరు. బయట అర్జీ ఇస్తారు. రికార్డు కీపర్ ఆ అర్జీ చూసి, అడిగిన వ్యక్తికి ఆ కాగితం చూసే హక్కు ఉందో లేదో నిర్ధారించుకుని, లోపలి నుంచి తెచ్చి చూపిస్తారు.

క్లయింట్-సర్వర్ పద్ధతి కూడా ఇంతే. అడిగేది క్లయింట్. అంటే కౌంటర్‌లోని కంప్యూటర్, మీ చేతిలోని ఫోన్, రేషన్ డీలర్ దగ్గరి ఈ-పోస్ యంత్రం. రికార్డులను తన దగ్గర ఉంచుకుని, అడిగినవాళ్ల అర్హత చూసి జవాబిచ్చేది సర్వర్.

ఈ ఏర్పాటు ఎందుకంటే, రికార్డు ఒక్కటే ఉండాలి. దాన్ని అడిగేవాళ్లు వేలల్లో ఉంటారు. ఉదాహరణకు ఒక రైలు బోగీలో 32వ నంబరు బెర్త్ ఒక్కటే మిగిలింది. సికింద్రాబాద్ కౌంటర్‌లో ఒకరు, చెన్నైలో మరొకరు ఒకే క్షణంలో దాన్ని అడిగారు. రెండు చోట్లా వేర్వేరు జాబితాలు ఉంటే ఇద్దరికీ టికెట్ వచ్చేస్తుంది. ఒకే డేటాబేస్ ఉంటే మొదటి అభ్యర్థన అందగానే ఆ బెర్త్‌కు తాత్కాలికంగా తాళం పడుతుంది. ఒకరికి టికెట్ ఖరారయ్యాకే రెండో వ్యక్తికి జవాబు వెళ్తుంది. పేరు నమోదు, బెర్త్ కేటాయింపు, డబ్బు జమ... ఈ మూడూ పూర్తి కావాలి, లేదా ఏదీ జరగనట్టు మొదటికి రావాలి. మధ్యలో ఆగకూడదు. దీన్నే 'ట్రాన్సాక్షన్' అంటారు.

రైల్వే రిజర్వేషన్లు దేశంలో ఈ పద్ధతిని పెద్ద ఎత్తున వాడిన తొలి ప్రజా సేవల్లో ఒకటి. రైల్వేల సాఫ్ట్‌వేర్ సంస్థ క్రిస్ రూపొందించిన 'కాన్సర్ట్' వ్యవస్థ ద్వారా ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు 1999 నాటికి ఒకదానితో ఒకటి కలిశాయి. ఏ ఊరి కౌంటర్ నుంచైనా మరో ఊరి నుంచి బయల్దేరే రైలుకు టికెట్ తీసుకోగలగడం ఆ అనుసంధానం వల్లే సులువైంది.

మీ ఫోన్ నేరుగా డేటాబేస్‌తో మాట్లాడుతుందా?

లేదు. మాట్లాడకూడదు కూడా. ఫోన్‌కూ డేటాబేస్‌కూ మధ్య మరో అంచె ఉంటుంది. దాన్ని అప్లికేషన్ సర్వర్ అంటారు. మీరు 'సబ్మిట్' నొక్కగానే ముందు ఆ అంచె మీ లాగిన్ చూస్తుంది, మీరు నింపిన వివరాలు సరిచూస్తుంది. ఆ తర్వాతే డేటాబేస్‌ను అడుగుతుంది. ఒక్క రిజిస్ట్రేషన్ పూర్తి కావడానికి ఇంకా చాలా గొలుసులు కలవాలి. ఆఫీసులో కరెంటు, ఇంటర్నెట్ లైను, ఆధార్ ధ్రువీకరణ, చలానా చెల్లింపును చూసే ఖజానా వ్యవస్థ, ఓటీపీ పంపే టెలికాం సంస్థ.

ఈ గొలుసులో ఏ లంకె తెగినా కౌంటర్‌లో వినిపించేది ఒకటే మాట, సర్వర్ డౌన్. ఓటీపీ రాకపోయినా సర్వర్ డౌనే. వేలిముద్ర పడకపోయినా సర్వర్ డౌనే. నిజంగా ఏది ఆగిందో చెప్పకపోతే బాధ్యత ఎవరిదో ఎప్పటికీ తేలదు. నెట్‌వర్క్ సంస్థ, సాఫ్ట్‌వేర్ సంస్థ, శాఖ ఒకరినొకరు చూపించుకోవడానికి ఈ ఒక్క మాటే అందరికీ గొడుగవుతుంది.

మొదటి ప్రశ్న: డేటాబేస్ ఎక్కడ ఉండాలి?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998 నవంబరు 4న 'కార్డ్' ప్రాజెక్టు మొదలైంది. రిజిస్ట్రేషన్ శాఖను కంప్యూటరీకరించే ఈ పథకం కింద 200కు పైగా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో కంప్యూటర్లు పెట్టారు. చేతిరాత ఇండెక్స్ పుస్తకాలను తిరగేసి రాయాల్సిన ఈసీలు నిమిషాల్లో చేతికి రావడం అప్పటి నుంచే మొదలైంది. ఆ రోజుల్లో ఏ ఆఫీసు డేటా ఆ ఆఫీసులోనే ఉండేది. ఒక చోట యంత్రం పాడైతే ఆ ఒక్క ఆఫీసే ఆగేది. అయితే ఆ డేటా కావాలంటే అక్కడికే వెళ్లాల్సి వచ్చేది. స్థానికంగా ఎవరైనా తారుమారు చేస్తే పైవాళ్లకు తెలిసే అవకాశమూ తక్కువ.

ఆ తర్వాత నెట్‌వర్క్‌లు మెరుగయ్యాయి, డేటా ఒక్క చోటికి చేరింది. 2001లో ఈసేవ, 2011లో మీసేవ వచ్చాయి. తెలంగాణలో 2020 అక్టోబరు 29న ధరణి ప్రారంభమైంది. దాదాపు 570 తహసీల్దార్ కార్యాలయాలు ఒకే పోర్టల్ మీద వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ రెండూ చేసే ఏర్పాటు అది. పాత పద్ధతి నుంచి కొత్తదానికి మారేందుకు ఆ ఏడాది సెప్టెంబరు 8 నుంచి రిజిస్ట్రేషన్లు నిలిపేశారు. వ్యవసాయ భూములవి నవంబరు 2న మళ్లీ మొదలయ్యాయి.

కేంద్రీకరణతో లాభాలు నిజమైనవే. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు ఆదిలాబాద్‌లోని తమ భూమి వివరాలను ఫోన్‌లో చూసుకోగలుగుతున్నారు. రిజిస్ట్రేషన్ అయిన రోజే పేరు మారుతోంది. అయితే దీనికి చెల్లించే మూల్యం కూడా ఉంది. కేంద్రంలో ఒక్క చిక్కు వస్తే రాష్ట్రమంతా ఒకేసారి ఆగుతుంది. ఇది తెలిసే ఒకే చోటికి డేటా చేర్చారు కాబట్టి, ఆ చోటు పడిపోతే వెంటనే పని అందుకునే రెండో చోటు సిద్ధంగా ఉండాలి. అది లేని కేంద్రీకరణ సగం కట్టిన వంతెనే.

రెండో ప్రశ్న: ఎవరిని రానివ్వాలి?

ప్రభుత్వ, ప్రైవేటు సంస్థలు విస్తృతంగా వాడే ఉచిత డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్. దాన్ని కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే, అది ఉన్న కంప్యూటర్ నుంచి తప్ప బయటి నుంచి వచ్చే పిలుపులకు పలకదు. తలుపు మూసే వస్తుందన్నమాట. బయటి క్లయింట్లకు తెరవాలంటే రెండు పనులు చేయాలి. నెట్‌వర్క్ పిలుపులు వినమని దానికి చెప్పాలి. తర్వాత ఏ యూజర్, ఏ డేటాబేస్‌కు, ఏ చిరునామా నుంచి, ఏ ఆధారం చూపించి రావచ్చో వరుసగా జాబితా రాయాలి.

తప్పు జరిగేది ఎక్కువగా ఇక్కడే. పని త్వరగా కావాలన్న ఒత్తిడిలో, 'ప్రపంచంలోని ఏ చిరునామా నుంచైనా రావచ్చు' అని ఒక్క లైను రాసేస్తారు. ముందు పనిచేయనివ్వండి, తర్వాత సరిచేద్దాం అనుకుంటారు. ఆ తర్వాత అనేది రాదు. 2017 జనవరిలో మొంగోడీబీ అనే డేటాబేస్ విషయంలో ప్రపంచం చూసింది ఇదే. పాస్‌వర్డ్ లేకుండా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన వేల డేటాబేస్‌లను దుండగులు తుడిచేసి, తిరిగి ఇవ్వాలంటే డబ్బు కట్టాలని సందేశాలు పెట్టారు. వాళ్లు తాళాలు పగలగొట్టలేదు. తెరిచి ఉన్న తలుపుల్లోంచి వెళ్లారు.

తలుపు జాగ్రత్తగా మూసినా మరో నియమం పాటించాలి. క్లయింట్ చెప్పిందల్లా సర్వర్ నమ్మకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో బయటపడిన నకిలీ చలానాల వ్యవహారమే దీనికి ఉదాహరణ. కొందరు తక్కువ మొత్తానికి చలానా తీసి, ఆ కాగితం మీద అంకెలు మార్చి రిజిస్ట్రేషన్లు చేయించుకున్నారు. ఖజానాకు కోట్లలో నష్టం వచ్చింది. చెల్లింపులను చూసే సీఎఫ్ఎంఎస్‌తో రిజిస్ట్రేషన్ సాఫ్ట్‌వేర్ అప్పటికి నేరుగా అనుసంధానమై లేదు. కాగితం మీది అంకెనే నిజమనుకున్నారు. ఆ తర్వాత రెండింటినీ కలిపారు. ఇప్పుడు కాగితం ఏం చెబుతోందన్నది కాకుండా, డబ్బు నిజంగా జమైందా అని ఒక సర్వర్ మరో సర్వర్‌ను అడుగుతుంది.

మూడో ప్రశ్న: ఒకేసారి ఎంతమందికి జవాబు?

ప్రతి డేటాబేస్‌కూ ఒకేసారి తీసుకోగల కనెక్షన్లకు పరిమితి ఉంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఏమీ మార్చకపోతే అది 100. మైఎస్‌క్యూఎల్‌లో 151. పెంచుకోవచ్చు, కానీ ప్రతి కనెక్షన్ కొంత మెమరీ తింటుంది. కాబట్టి అంకె పెంచినంత మాత్రాన పని అయిపోదు. అందుకే మధ్య అంచెలో కొన్ని కనెక్షన్లను తెరిచి ఉంచి, వచ్చినవాళ్లకు వంతులవారీగా వాడుకోనిస్తారు. దీన్ని కనెక్షన్ పూలింగ్ అంటారు. బ్యాంకులో వంద మంది వచ్చినా ఐదు కౌంటర్లతో టోకెన్ ప్రకారం పని నడిపినట్టే.

రద్దీ ఎప్పుడు వస్తుందో చాలావరకు ముందే తెలుస్తుంది. భూముల మార్కెట్ విలువలు పెరిగే ముందు రోజులు, నెల మొదట్లో రేషన్, పరీక్ష ఫలితాల రోజు, తత్కాల్ వేళ ఉదయం 10, 11 గంటలు. ఈ రోజుల్లో సర్వర్ ఆగితే 'అనుకోని రద్దీ' అనడం అంత సమంజసం కాదు. పండగకు చుట్టాలు వస్తారని తెలిసీ బియ్యం తక్కువ పోసుకున్నట్టే.

రద్దీ అంతా మనుషులదే కాకపోవచ్చు. తత్కాల్ బుకింగ్ తెరుచుకున్న తొలి ఐదు నిమిషాల్లో లాగిన్ ప్రయత్నాల్లో 50 శాతం దాకా ఆటోమేటెడ్ బాట్‌లవేనని 2025 జూన్‌లో రైల్వే శాఖ చెప్పింది. 2.5 కోట్లకు పైగా అనుమానాస్పద యూజర్ ఐడీలను నిలిపేసినట్టు ప్రకటించింది. జులై 1 నుంచి ఆధార్ ధ్రువీకరణ ఉన్న ఖాతాలకే ఆన్‌లైన్ తత్కాల్ అని నిబంధన పెట్టింది. అంటే యంత్రాల సామర్థ్యం పెంచడమే కాదు, తలుపు దగ్గర ఎవరున్నారో చూడటం కూడా రద్దీ నిర్వహణే.

యూపీఐది ఇంకో రకం కథ. 2025 మార్చి 26న, ఏప్రిల్ 12న దేశవ్యాప్తంగా చెల్లింపులు నిలిచాయి. ఏప్రిల్ నాటి అంతరాయంపై ఎన్‌పీసీఐ చెప్పిన కారణం ఆసక్తికరం. 'ఆ లావాదేవీ ఏమైంది?' అని కొన్ని బ్యాంకుల వ్యవస్థలు పాత లావాదేవీల గురించి కూడా పదే పదే అడగడంతో భారం పెరిగింది. డబ్బు పంపేవాళ్ల కంటే, డబ్బు ఏమైందని అడిగేవాళ్లతో దారి మూసుకుపోయిందన్నమాట. ఆగస్టు 1 నుంచి అమలైన కొత్త నిబంధనల్లో ఒక యాప్‌లో రోజుకు 50 సార్లకు మించి బ్యాలెన్స్ చూసుకోకూడదన్నది ఒకటి. చాలామందికి అది చిరాకు తెప్పించింది. కానీ అందరూ వాడే ఒకే సర్వర్‌ను కాపాడుకోవాలంటే అడిగేవాళ్లకూ ఓ హద్దు ఉండాలి.

నాలుగో ప్రశ్న: రికార్డును మార్చే అధికారం ఎవరికి?

డేటాబేస్‌లో చూడటం వేరు, కొత్తగా చేర్చడం వేరు, ఉన్నదాన్ని మార్చడం వేరు, తీసేయడం వేరు. ఒక్కో యూజర్‌కు ఇందులో ఏయే అనుమతులు ఇవ్వాలో వ్యవస్థ ఏర్పాటు చేసేటప్పుడే నిర్ణయిస్తారు. కౌంటర్ ఉద్యోగికి చూసే, చేర్చే అనుమతి చాలు. తీసేసే అనుమతి ఉండకూడదు. వినడానికి ఇది సాంకేతిక విషయమే. కానీ భూమి రికార్డు విషయంలో ఇదే అసలు న్యాయం.

ధరణిలో జరిగిన పెద్ద చర్చ దీని చుట్టూనే తిరిగింది. రిజిస్ట్రేషన్ చేసే అధికారం తహసీల్దార్‌కు ఉంది. కానీ రికార్డులో విస్తీర్ణమో, పేరో, సర్వే నంబరో తప్పు పడితే దిద్దే లాగిన్ కలెక్టర్ దగ్గర ఉండిపోయింది. టీఎం-33 వంటి మాడ్యూళ్ల కింద పెట్టుకున్న అర్జీలు జిల్లా కేంద్రాల్లో పేరుకుపోయాయి. కిందిస్థాయిలో తారుమారును, అవినీతిని అడ్డుకోవడానికే అధికారం పైన పెట్టామన్నది అప్పటి వాదన. అక్షరం తప్పుపడిన రైతు కూడా కలెక్టరేట్ చుట్టూ తిరగాల్సి రావడం దాని ఫలితం.

2024 ఫిబ్రవరి చివర తెలంగాణ ప్రభుత్వం ఈ అధికారాలను తహసీల్దార్లు, ఆర్డీవోలు, అదనపు కలెక్టర్లకు పంచింది. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో ప్రారంభమైన భూభారతి చట్టంలో అధికారాన్ని కింది అంచెలకు ఇస్తూ, నిర్ణయం నచ్చకపోతే అప్పీలు చేసుకునే దారిని పెట్టారు. రాజకీయంగా దీని మీద ఎవరి వాదన వారిది. డేటాబేస్ వైపు నుంచి చూస్తే తేడా స్పష్టం. 'మార్చు' అన్న అనుమతి ఎవరి లాగిన్‌కు ఇచ్చారన్నదే ఒక రైతు మండల ఆఫీసుకు వెళ్లాలా, జిల్లా కేంద్రానికి వెళ్లాలా అన్నది నిర్ణయించింది.

అధికారం కిందికి ఇస్తే తారుమారు పెరగదా? పెరగవచ్చు. దాన్ని ఆపేది లాగ్. ఎవరి లాగిన్ నుంచి, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ అంకె దేనిగా మారిందో తనంతట తాను నమోదు చేసే పుస్తకం అది. మార్చినవాళ్లే దాన్ని చెరిపేసే వీలు ఉండకూడదు. ఒకే పాస్‌వర్డ్‌ను ఆఫీసులో నలుగురు వాడితే ఆ లాగ్‌కు విలువ ఉండదు. ఎవరు మార్చారో తేలదు కాబట్టి తప్పు చేసినవాళ్లు తప్పించుకుంటారు, చేయనివాళ్లు ఇరుక్కుంటారు.

ఇది ఇప్పుడు చట్టం కోరేది కూడా. సైబర్ భద్రతను చూసే సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజులు ఉంచాలి. సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లోగా నివేదించాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి. సంస్థలు సిద్ధం కావడానికి గడువిచ్చి వీటిని దశలవారీగా అమలు చేస్తున్నారు. వ్యక్తిగత డేటాను ఎవరు చూశారో తెలిపే లాగ్‌లను ఏడాది పాటు ఉంచాలని ఆ నిబంధనలు చెబుతున్నాయి. డేటా భద్రతకు తగిన చర్యలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు.

ఐదో ప్రశ్న: కాపీ ఎక్కడ ఉంది?

2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో ప్రభుత్వ డేటా సెంటర్‌లో బ్యాటరీల నుంచి మంటలు లేచాయి. దేశంలోని 709 ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోయాయి. ప్రభుత్వ ఉద్యోగులు తమ పని ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లోని 858 టెరాబైట్ల డేటా కాలిపోయింది. దానికి బయట మరెక్కడా కాపీ లేదు. డిజిటల్ పాలనలో ప్రపంచానికే పాఠాలు చెప్పే దేశంలో జరిగింది ఇది.

కాపీ ఉందని అనుకోవడం కూడా సరిపోదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే తుడిచేశారు. ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లు ఉన్నాయనుకున్నారు. తీరా చూస్తే అనుకున్నట్టు ఒక్కటీ పనిచేయలేదు. ఒక ఉద్యోగి అంతకు 6 గంటల ముందు వేరే పనికోసం తీసుకున్న కాపీయే దిక్కయింది. ఆ ఆరు గంటల డేటా పోయింది. ఆ సంస్థ ఈ సంగతంతా దాచకుండా బయటపెట్టింది కాబట్టే ఇవాళ అందరికీ పాఠంగా మిగిలింది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. రెండో సర్వర్‌లో అదే డేటా ఎప్పటికప్పుడు చేరుతుంటే దాన్ని రెప్లికా అంటారు. మొదటి యంత్రం చెడితే అది పని అందుకుంటుంది. కానీ మొదటి దాంట్లో ఎవరైనా ఒక ఎంట్రీ తుడిచేస్తే, మరుక్షణం రెండో దాంట్లోనూ తుడుచుకుపోతుంది. నిన్నటి స్థితికి వెనక్కి వెళ్లాలంటే విడిగా తీసి, వేరే ఊళ్లో దాచిన బ్యాకప్ కావాలి. అప్పుడప్పుడు దాన్ని తెరిచి, నిజంగా డేటా తిరిగి వస్తోందో లేదో చూడాలి.

సర్వర్ ఆగితే నష్టం ఎవరికి?

ఆఫీసుకు ఆ రోజు పని తగ్గుతుంది. నష్టమంతా వచ్చినవాళ్లదే. రిజిస్ట్రేషన్‌కు కొన్నవాళ్లు, అమ్మినవాళ్లు, సాక్షులు కలిసి సెలవు పెట్టుకుని వస్తారు. కూలీకి వెళ్లేవాళ్లు రేషన్ కోసం ఒక పూట పని మానుకుంటారు. వేలిముద్ర పడక వెనుదిరిగితే రెండో పూట కూడా పోతుంది.

దీనికి చట్టపరమైన గడువులు తోడవుతాయి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం దస్తావేజు మీద సంతకాలైన నాటి నుంచి నాలుగు నెలల్లోగా రిజిస్ట్రేషన్‌కు సమర్పించాలి. వీలునామాకు ఈ గడువు వర్తించదు. తప్పనిసరి కారణాలతో ఆలస్యమైతే 25వ సెక్షన్ కింద మరో నాలుగు నెలల దాకా అనుమతించవచ్చు, కానీ రిజిస్ట్రేషన్ ఫీజుకు పది రెట్ల వరకు జరిమానా పడొచ్చు. సర్వర్ ఆగినంత మాత్రాన ఈ గడియారం ఆగదు. అందుకే చివరి రోజుల దాకా ఆగకపోవడం మంచిది.

అలాంటప్పుడు మీరేం చేయాలి?

- 'ఏది ఆగింది?' అని అడగండి. నెట్‌వర్కా, ఆధారా, చెల్లింపా, పోర్టలా? తెరపై కనిపించిన ఎర్రర్ సందేశాన్ని తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి.

- డబ్బు కట్టాక పేజీ నిలిచిపోతే వెంటనే మళ్లీ కట్టకండి. చలానా నంబరు లేదా లావాదేవీ నంబరుతో స్టేటస్ చూడండి. రెండుసార్లు నొక్కితే రెండుసార్లు డబ్బు పోయే ప్రమాదం ఉంది.

- ఖాతాలో డబ్బు కట్ అయి అవతలికి చేరకపోతే, 2019 సెప్టెంబరులో ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశాలు మీకు రక్షణ. యూపీఐలో వ్యక్తికి పంపిన సొమ్ము మరుసటి రోజుకల్లా, వ్యాపారికి చెల్లించినదైతే ఐదు రోజుల్లోగా దానంతటదే వెనక్కి రావాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి.

- స్లాట్ పోతే, సాంకేతిక కారణంతో రద్దయిందని రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి. ఇవ్వకపోతే మీరే అర్జీ రాసి ఇచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకోండి. గడువు గురించి రేపు ప్రశ్న వస్తే అదే ఆధారం.

- మీ భూమి రికార్డును కనీసం ఏడాదికోసారి పోర్టల్‌లో చూసి, ఆ రోజు కనిపించిన పేజీని దాచుకోండి. ఎప్పుడైనా అంకె మారితే, ముందు ఏముండేదో చూపించడానికి మీ దగ్గరా ఒక కాపీ ఉంటుంది.

- సమాచార హక్కు చట్టం కింద శాఖను అడగొచ్చు. గత ఏడాదిలో ఎన్ని గంటలు సేవ నిలిచింది? నిర్వహణ సంస్థతో ఒప్పందంలో ఎంత శాతం అప్‌టైమ్ రాసుకున్నారు? తగ్గినందుకు ఎంత జరిమానా వసూలు చేశారు? బ్యాకప్‌ను చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? సాధారణంగా 30 రోజుల్లో జవాబు రావాలి.

99 శాతం అంటే మంచి మార్కేనా?

పరీక్షలో అయితే మంచి మార్కే. సర్వర్‌కు కాదు. ఏడాదిలో 99 శాతం పనిచేస్తే మిగిలిన ఒక్క శాతం దాదాపు 87 గంటలు. అదంతా అర్ధరాత్రి పడితే ఎవరికీ తెలియదు. ఆఫీసు వేళల్లోనే పడితే రోజుకు 8 గంటల లెక్కన దాదాపు 11 పని దినాలు. 99.9 శాతమైతే ఏడాదికి 9 గంటల లోపే. కాబట్టి ఒప్పందంలో శాతం ఎంత అన్నదానితో పాటు, దాన్ని 24 గంటలకు లెక్కిస్తున్నారా, జనం వచ్చే వేళలకు లెక్కిస్తున్నారా అన్నదీ చూడాలి.

ప్రభుత్వాలు వెంటనే చేయగలిగిన, ఖర్చు పెద్దగా లేని పని ఒకటుంది. ప్రతి పోర్టల్‌కూ అందరూ చూడగలిగే ఒక స్థితి పేజీ పెట్టడం. ఏ భాగం ఆగింది, ఎప్పటి నుంచి ఆగింది, ఎప్పటికి రావచ్చు, ఈ రోజు స్లాట్ ఉన్నవాళ్లు ఏం చేయాలి? ఈ నాలుగు లైన్లు ఇంటి దగ్గరే ఫోన్‌లో కనిపిస్తే వందల మంది బస్సు చార్జీలు మిగులుతాయి. నెల తిరిగేసరికి ఏ లంకె ఎన్నిసార్లు తెగిందో శాఖకు కూడా లెక్క తేలుతుంది.

ఇక తదుపరి కొత్త పోర్టల్ ప్రారంభమైనప్పుడు ఎన్ని సేవలు అందులో ఉన్నాయన్నది ప్రకటనలో ఎలాగూ ఉంటుంది. అది పడిపోతే పని అందుకునేది ఎక్కడుంది, రికార్డు దిద్దే లాగిన్ ఎవరి దగ్గరుంది అన్న రెండు ప్రశ్నలు మాత్రం మనమే అడగాలి.